ఎకౌస్టిక్ న్యూరోమా ఆపరేషన్‌లో నరం తెగలేదన్నారు, మరి ముఖం ఎందుకు కదలడం లేదు?

మీరు రాసింది ఇదీ. మీ అమ్మగారికి 54 ఏళ్లు. ఎడమ చెవి లోపల ఎకౌస్టిక్ న్యూరోమా, 3 సెంటీమీటర్ల కణితి. ఆపరేషన్ జరిగి 7 వారాలైంది. కణితి క్యాన్సర్ కాదని, ముఖానికి వెళ్లే నరాన్ని తెగకుండా కాపాడామని సర్జన్ చెప్పారు. కానీ మత్తు నుంచి తేరుకున్న దగ్గర నుంచీ ఎడమవైపు ముఖం కదలడం లేదు. కన్ను మూతపడదు, మూతి కుడివైపుకి లాగేసింది, నీళ్లు తాగితే ఎడమ పెదవి చివర నుంచి కారిపోతున్నాయి. ఇంటికొచ్చే థెరపిస్టు రోజూ కరెంటు పెడుతున్నారు, బెలూన్ ఊదమంటున్నారు, చూయింగ్ గమ్ నమలమంటున్నారు. "నరం బాగుంటే ముఖం ఎందుకు కదలదు? అసలు వస్తుందా? ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. 19 ఏళ్లుగా ముఖ నరం దెబ్బతిన్నవాళ్లతోనే పని చేస్తున్నాను. సర్జన్‌ని కాను కాబట్టి ఆపరేషన్ గురించి చెప్పేది సర్జన్ల పక్కన పని చేస్తూ నేర్చుకున్నది. కన్ను, కండరాలు, వ్యాయామాల గురించి చెప్పేది రోజూ నా చేతులతో చేసేది.

సూటిగా జవాబు: నరం తెగకపోతే కదలిక తిరిగి వచ్చే అవకాశం బాగానే ఉంది. 7 వారాలకు ఏమీ కదలకపోవడం నరం చచ్చిపోయిందనడానికి గుర్తు కాదు. ఇంత పెద్ద కణితి తీశాక మొదటి కదలిక నేను చూసినవాళ్లలో ఎక్కువమందికి 3 నుంచి 9 నెలల మధ్య వచ్చింది. కొందరికి ఏడాది దగ్గర పడ్డాక వచ్చింది. అక్కడి నుంచి మెరుగవుతూ ఏడాదిన్నర, రెండేళ్ల దాకా సాగుతుంది. ఆపరేషన్‌కి ముందున్న ముఖం నూటికి నూరుపాళ్లు వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను. ఈ దశలో ఎవరు అలా మాట ఇచ్చినా నమ్మకండి. ఈలోపు మీరు చేయాల్సినవి మూడు: కన్ను కాపాడటం, బలవంతపు వ్యాయామాలు ఆపేయడం, క్యాలెండర్ పెట్టుకుని ఎదురుచూడటం. ఈ మూడోది చాలా ఇళ్లలో జరగదు. దాని వల్ల నష్టపోయినవాళ్లను చూశాను కాబట్టి చివర్లో దాని గురించి వివరంగా రాస్తాను.

నరం ఉంది, మరి ఎందుకు పనిచేయదు?

ఎకౌస్టిక్ అంటే వినికిడికి సంబంధించినదని పేరే గానీ, ఈ కణితి నిజానికి వినికిడి నరం మీద పుట్టదు. శరీరం తూలకుండా చూసే బ్యాలెన్స్ నరం పొరలో, నరం పోగులకు తొడుగు వేసే ష్వాన్ కణాల నుంచి పుడుతుంది. అందుకే డాక్టర్లు దీన్ని వెస్టిబ్యులర్ ష్వానోమా అంటారు. చెవి లోపలి వైపు ఎముకలో ఒక సన్నటి సొరంగం ఉంటుంది. బ్యాలెన్స్ నరాలు, వినికిడి నరం, ముఖ నరం అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని అందులోంచే వెళతాయి. కణితి ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతూ ముఖ నరాన్ని పక్కకి తోస్తుంది, సాగదీస్తుంది. గుండ్రటి తాడులా ఉండాల్సిన నరం పెద్ద కణితి మీద రిబ్బన్‌లా, ఒక్కోసారి అంతకంటే పలచగా పరుచుకుపోతుంది. సర్జన్ మైక్రోస్కోప్ కింద చూస్తూ ఆ పొరను కణితి నుంచి విడదీయాలి. మీ అమ్మగారి ఆపరేషన్ గంటల తరబడి సాగి ఉంటుంది. ఆ సమయంలో ఎక్కువ భాగం ఈ పనికే పోతుంది.

కాబట్టి "నరం తెగలేదు" అంటే నరం పైతొడుగు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నిలిచి ఉందని అర్థం. లోపలి పోగులు ఎలా ఉన్నాయన్నది వేరే సంగతి. ముఖ నరంలో పోగులు దాదాపు 10,000 ఉంటాయి. వాటికి తగిలే దెబ్బ రెండు రకాలు. ఒకటి, పోగు బాగానే ఉండి సంకేతం మాత్రం ఆగిపోవడం. ఇది వారాల్లో, మహా అయితే 3 నెలల్లో తేరుకుంటుంది. అలా వచ్చిన కదలిక చాలా శుభ్రంగా, ముందున్నట్టే ఉంటుంది. రెండోది, తొడుగు ఉన్నా లోపలి పోగు తెగిపోవడం. అప్పుడు దెబ్బ తగిలిన చోటు నుంచి ముఖం వైపు ఉన్న పోగు భాగం కరిగిపోతుంది. కొత్త పోగు మెదడు వైపు నుంచి మళ్లీ పెరుగుతూ రావాలి. ఆ పెరుగుదల రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మెదడు పక్క నుంచి బుగ్గ కండరం దాకా దారి 10 సెంటీమీటర్లు దాటుతుంది. ఆ దారి నడవడానికే నాలుగు నెలల దాకా పడుతుంది, పెరగడం మొదలవడానికి పట్టే టైము, కండరానికి చేరాక అతుక్కోవడానికి పట్టే టైము దానికి అదనం. మీ అమ్మగారి విషయంలో ఇప్పటికి 7 వారాలే. పోగులు ఇంకా దారిలోనే ఉండి ఉండొచ్చు.

ఎక్కువమందిలో ఈ రెండు రకాల దెబ్బలూ కలిసే ఉంటాయి. అందుకే ఇద్దరి కథ ఒకలా ఉండదు.

ఆపరేషన్ నోట్ తెప్పించుకోండి. డిశ్చార్జ్ సమ్మరీలో సాధారణంగా రెండు లైన్లే ఉంటాయి. ఆపరేషన్ నోట్ వేరేగా ఉంటుంది, అడిగితే ఇస్తారు. అందులో చూడాల్సింది, లేకపోతే సర్జన్‌ని అడగాల్సింది ఇదీ: కణితి తీశాక చివర్లో, మెదడు కాండం దగ్గర నరాన్ని చిన్న కరెంటుతో తాకి చూశారా, ముఖ కండరం స్పందించిందా, ఎంత కరెంటుకి స్పందించింది? ఈ ఆపరేషన్లలో ముఖ కండరాలకు సూదులు పెట్టి మానిటర్ చేస్తారు. 0.05 మిల్లీ ఆంపియర్ లాంటి చాలా తక్కువ కరెంటుకే కండరం పలికితే మంచి కబురు. ముఖం ఇప్పుడు పూర్తిగా నిశ్చలంగా ఉన్నా సరే, నేను ఆ నోట్ చూసి ధైర్యం చెబుతాను. ఎక్కువ కరెంటు కావాల్సి వస్తే, లేదా అసలు స్పందించకపోతే కోలుకోవడం ఆలస్యమవుతుంది, తక్కువగా ఉండొచ్చు కూడా. అంతమాత్రాన ఆశ వదులుకోవాల్సిన పని లేదు. స్పందన లేదని నోట్‌లో రాసి ఉన్నవాళ్లలో కూడా కదలిక వచ్చినవాళ్లు నా దగ్గర ఉన్నారు.

ఇంకో ప్రశ్న: కణితి మొత్తం తీశారా, నరానికి అతుక్కున్న చిన్న ముక్క వదిలేశారా? వదిలేశారని తెలిస్తే కంగారు పడకండి, సర్జన్ మీద కోపం తెచ్చుకోకండి. నరానికి మరీ గట్టిగా అంటుకున్న చోట పలచటి పొరను కావాలనే వదిలి, తర్వాత ఎం.ఆర్.ఐ. స్కాన్లతో గమనిస్తూ ఉండటం ఇప్పుడు చాలామంది సర్జన్లు ఎంచుకునే దారి. అది పెరిగితే రేడియేషన్ చికిత్స ఉంది. 1960లలో అమెరికా చెవి సర్జన్ విలియం హౌస్ ఈ ఆపరేషన్లలోకి మైక్రోస్కోప్ తెచ్చేంతవరకు ముఖ నరం దక్కడమే అరుదు. అంతకు ముందు తరాల్లో ప్రాణం దక్కితే చాలనుకునేవాళ్లు.

మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మగారికి మొదటి రోజు నుంచే కదలిక లేదు. కానీ ఇది చదివే వేరేవాళ్ల కోసం ఒక మాట. ఆపరేషన్ తర్వాత ముఖం బాగానే ఉండి, కొన్ని రోజుల తర్వాత, సాధారణంగా 3 రోజుల నుంచి 2 వారాల లోపు, వంకర పోతే దాన్ని ఆలస్యంగా వచ్చిన పక్షవాతం అంటారు. భయం ఎక్కువ వేస్తుంది గానీ ఫలితం చాలాసార్లు బాగుంటుంది. నా పేషెంట్ ఒకాయన ఇంటికెళ్లిన నాలుగో రోజు పొద్దున అద్దంలో చూసుకుని కూలబడిపోయారు. 7 వారాల్లో ఆయన ముఖం దాదాపు మామూలైంది. అలా జరిగితే వెంటనే సర్జన్‌కి ఫోన్ చేయాలి, మందులు మొదలుపెట్టాల్సి రావచ్చు.

ఇప్పుడు కన్ను. అన్నిటికంటే ముందు ఇది.

ముఖం ఆర్నెల్ల తర్వాత కదిలినా ఫర్వాలేదు. కంటి నల్లగుడ్డు మీద పుండు పడితే చూపు వెనక్కి రాకపోవచ్చు. మీరు రాసిన పెద్ద ఉత్తరంలో కన్ను గురించి ఒక్క వాక్యమే ఉంది, అందుకే నాకు టెన్షన్‌గా ఉంది.

మామూలు మూతి వంకరలో కంటే ఈ ఆపరేషన్ తర్వాత కంటికి ప్రమాదం ఎక్కువ. ఒకటి, రెప్ప మూతపడదు. రెండు, కన్నీళ్లు ఊరించే సన్నటి నరం ముఖ నరంతో కలిసే ప్రయాణిస్తుంది, అదీ దెబ్బతింటే కన్ను ఎండిపోతుంది. నాలుక ముందు భాగానికి రుచి తెలిపే పోగులు కూడా దానిలోవే. మీ అమ్మగారికి ఆ పక్క రుచి తేడాగా అనిపిస్తుంటే కారణం అదే. మూడోది అసలైనది: పెద్ద కణితి పక్కనే ఉన్న ఇంకో నరాన్ని, ముఖానికి స్పర్శ ఇచ్చేదాన్ని, నొక్కి ఉంటే నల్లగుడ్డుకి స్పర్శ పోతుంది. అప్పుడు దుమ్ము పడినా, ఎండిపోయినా, పుండు పడినా నొప్పి తెలియదు. "కన్ను నొప్పి లేదు కదా, బాగానే ఉంది" అనుకున్న ఒక అమ్మాయి నా దగ్గరకు వ్యాయామాల కోసం వచ్చింది. కన్ను కొంచెం ఎర్రగా ఉంది. లైటు కింద చూస్తే నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లటి మచ్చ. ఆ రోజు వ్యాయామం మాట ఎత్తలేదు, నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి పంపాను. చూపు దక్కింది గానీ మచ్చ మిగిలింది.

అందుకని ఈ వారంలోనే కంటి డాక్టర్‌కి చూపించండి. నల్లగుడ్డు స్పర్శ పరీక్షించమని నోరు తెరిచి అడగండి. దూది పోగుతో ఒక్క క్షణంలో చేస్తారు. ఇంట్లో చేయాల్సింది:

పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు, ప్రిజర్వేటివ్ లేనివి. ఎంత తరచుగా అన్నది డాక్టర్ చెబుతారు, మొదట్లో గంటకోసారి కూడా కావచ్చు. రాత్రికి చిక్కటి ఆయింట్‌మెంట్. అది వేశాక చూపు మసకగా ఉంటుంది, కాబట్టి పడుకునే ముందే వేయాలి.

రాత్రి కన్ను మూసి టేపు వేయడం చాలామంది తప్పుగా చేస్తారు. ముందు అమ్మగారిని కిందికి చూడమనండి. మీ వేలి మెత్తటి భాగంతో పై రెప్పను నెమ్మదిగా కిందికి దించి, కన్ను నిజంగా మూతపడిందని చూశాకే టేపు వేయండి. కన్ను తెరిచి ఉండగా పైన గాజు గుడ్డ గానీ దూది గానీ పెట్టి అంటించకండి. లోపల రెప్ప తెరుచుకుంటే ఆ గుడ్డే నల్లగుడ్డుని రాస్తుంది. టేపుతో చర్మం పాడవుతుంటే తేమ నిలిపే పారదర్శకమైన కంటి కవచాలు దొరుకుతాయి.

పగలు ప్రతి కొద్ది నిమిషాలకీ వేలితో రెప్పను మూసి తెరవడం అలవాటు చేయించండి. బయటికెళితే పక్కలు కూడా మూసే కళ్లద్దాలు. ఫ్యాన్ గాలి, ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలకూడదు. ఎరుపు, మసక, తెల్లమచ్చ, వెలుతురు భరించలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి, మర్నాటి దాకా ఆగకూడదు.

ఇంకో పని రోజుకు రెండుసార్లు: పై రెప్పను సాగదీయడం. కన్ను మూసే కండరం పనిచేయక, తెరిచే కండరం ఒక్కటే రోజంతా లాగుతూ ఉంటే పై రెప్ప పొట్టిబడి పోతుంది. తర్వాత నరం తిరిగొచ్చినా రెప్ప కిందికి దిగదు. అమ్మగారు కిందికి చూస్తుండగా రెప్పను వేలితో కిందికి దించి పట్టుకుని, అర నిమిషం అలా ఉంచి వదలాలి. కంటిగుడ్డు మీద నొక్కకూడదు.

స్పర్శ కూడా పోయిందని తేలితే డాక్టర్లు పై రెప్పలో చిన్న బంగారు గానీ ప్లాటినం గానీ బరువు పెట్టమనవచ్చు, లేదా కనురెప్పల బయటి మూలను తాత్కాలికంగా కుట్టమనవచ్చు. "అది పెట్టించుకుంటే ఇక నరం రాదని ఒప్పుకున్నట్టే కదా" అని ఏడ్చినవాళ్లున్నారు. అలా కాదు. నరం వచ్చాక ఆ బరువు తీసేయవచ్చు, కుట్టు విప్పవచ్చు. ఒక గ్రాము బరువు ఆ ఆరు నెలలు కంటిని కాపాడుతుంది, అంతే.

బెలూన్, చూయింగ్ గమ్, కరెంటు

బెలూన్, గమ్ ఈ రోజే ఆపేయండి. థెరపిస్టుని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, చేతికో కాలికో పక్షవాతం వచ్చినప్పుడు బలం పెంచే అలవాటు ముఖానికీ తెచ్చేస్తారు. ముఖం అలా పనిచేయదు. గమ్ నమిలేది దవడ కండరం, దానికి నరమే వేరు, దానివల్ల ముఖ నరానికి ఒరిగేదేమీ లేదు. బెలూన్ ఊదితే ఎడమ బుగ్గ ఉత్తగా ఉబ్బి సాగుతుంది, కుడివైపు మాత్రం ఇంకా బలంగా లాగుతుంది. ఎడమవైపు రావడం లేదని అమ్మగారు ఎంత ప్రయత్నిస్తే కుడివైపు అంత ముడుచుకుంటుంది, వంకర ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

కరెంటు విషయంలో మా వృత్తిలోనే రెండు అభిప్రాయాలున్నాయి. నా అభిప్రాయం: ఈ ఆపరేషన్ తర్వాత కరెంటు పెడితే నరం త్వరగా పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. కరెంటు మొత్తం కండరాలను ఒకేసారి పట్టి లాగుతుంది, మనకి తర్వాత కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. నేను వాడను.

మరి ఈ దశలో ఏం చేయాలి? కొంచెమే. రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు, శుభ్రమైన చేతులతో బుగ్గను కింది నుంచి పైకి, మూతి నుంచి చెవి వైపు మెత్తగా మసాజ్. కుడివైపు కూడా చేయాలి, అది రోజంతా లాగి లాగి బిగుసుకుపోయి ఉంటుంది. మాట్లాడేటప్పుడు, నవ్వేటప్పుడు కుడి బుగ్గ మీద చెయ్యి ఆనించి అతిగా లాగకుండా ఆపడం. తాగేటప్పుడు ఎడమ పెదవి మూలను వేలితో పైకి ఎత్తిపట్టి చిన్న గుక్కలుగా తాగడం. తిన్నాక ఎడమ బుగ్గలో ఆహారం ఇరుక్కుని ఉంటుంది, నోరు పుక్కిలించి తీరాలి. కళ్లు మూసుకుని నవ్వును మనసులో ఊహించుకోవడం కూడా నేను చెబుతాను. కండరం కదలకపోయినా మెదడు ఆ పని మర్చిపోకుండా ఉంటుంది.

మొదటి గుర్తులు ఎలా ఉంటాయి

చాలామంది నుదురు ముడి పడుతుందా, కన్ను మూతపడుతుందా అని చూస్తుంటారు. సాధారణంగా ముందు వచ్చేది కదలిక కాదు, బిగువు. ఊరికే కూర్చున్నప్పుడు బుగ్గ జారినట్టు ఉండటం తగ్గుతుంది. ముక్కు నుంచి పెదవి చివరికి దిగే గీత మళ్లీ లీలగా కనిపిస్తుంది. నీళ్లు కారడం తగ్గుతుంది. తర్వాత బుగ్గ, పెదవి మూల. నుదురు అన్నిటికంటే ఆఖరు, చాలామందికి అసలు రాదు కూడా. నుదురు రాకపోయినా బతుకు సాగిపోతుంది, దాని మీద మనసు పెట్టుకోకండి.

ఒక టీచర్ గారు గుర్తొస్తున్నారు. ఈమెకూ కణితి మీ అమ్మగారంతే ఉండేది. ఐదో నెల దాకా ఏమీ లేదు. ఒక రోజు నా రెండు వేళ్లు ఆమె ముక్కు పక్కన బుగ్గ మీద ఆనించి, "నెమ్మదిగా నవ్వబోయి ఆగండి" అన్నాను. కంటికి ఏమీ కనిపించలేదు. వేలి కింద మాత్రం నాడి కొట్టుకున్నట్టు ఒక్కసారి కదిలింది. మళ్లీ చేయమన్నాను, మళ్లీ కదిలింది. ఆమె వేలు తీసి అక్కడ పెట్టించాను. ఆమె ఏమీ మాట్లాడలేదు, ఇంకో పది నిమిషాలు వేలు అక్కడి నుంచి తీయలేదు. అద్దంలో కనిపించడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. 14 నెలలకు గట్టిగా ప్రయత్నిస్తే కన్ను పూర్తిగా మూతపడేది, నవ్వులో తేడా తెలిసేది గానీ కొత్తవాళ్లు వెంటనే పట్టలేకపోయేవారు.

డాక్టర్ల కొలతలో దాన్ని హౌస్-బ్రాక్‌మన్ గ్రేడ్ 3 అంటారు. 1985 నుంచి వాడుకలో ఉన్న ఈ కొలతలో 1 అంటే మామూలు ముఖం, 6 అంటే అసలు కదలిక లేకపోవడం. మీ అమ్మగారి రిపోర్టులో 6 అని ఉంటే అది ఈ రోజు పరిస్థితి మాత్రమే. ఆఖరి తీర్పు అనుకోకండి.

కదలిక వచ్చాకే జాగ్రత్త మొదలవుతుంది

ఇది వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. మళ్లీ పెరిగే పోగులు అన్నీ సొంత ఇంటికే చేరవు. నవ్వుకి వెళ్లాల్సినవి కొన్ని కంటి కండరంలోకి, కంటికి వెళ్లాల్సినవి కొన్ని గడ్డంలోకి, మెడలోకి వెళ్లిపోతాయి. అప్పుడు నవ్వితే కన్ను చిన్నదవుతుంది, కన్ను మూస్తే మూతి లాగుతుంది, గడ్డం మీద చర్మం గుంటలు పడుతుంది. దీన్ని సింకినేసిస్ అంటారు. కదలిక మొదలైన కొన్ని నెలలకు బయటపడుతుంది. కొందరికి తినేటప్పుడు ఆ కంట్లోంచి నీళ్లు కారతాయి. లాలాజలానికి వెళ్లాల్సిన పోగులు కన్నీటి గ్రంథికి చేరడం వల్ల అలా జరుగుతుంది.

అందుకే "కదులుతోంది, ఇంకా గట్టిగా చేయండి" అనకూడదు. ఒకాయన మంచి పట్టుదల ఉన్న మనిషి. మొదటి కదలిక రాగానే రోజుకు వందలసార్లు కళ్లు గట్టిగా బిగించి, పళ్లన్నీ కనిపించేలా మూతి లాగి ప్రాక్టీసు చేశారు. ఏడాది తర్వాత నా దగ్గరికి వచ్చేసరికి అన్నం నమిలినప్పుడల్లా కన్ను మూసుకుపోయేది, మెడ కండరాలు తాళ్లలా బిగిసేవి, బుగ్గ నొప్పి. బలం ఉంది, అదుపు లేదు. ఆ తప్పుడు జోడీలను విడదీయడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. కంటి చుట్టూ, మెడలో బొటాక్స్ (కండరాన్ని కొంతకాలం సడలించే ఇంజెక్షన్) కూడా వేయించాల్సి వచ్చింది. అది 3, 4 నెలలే పనిచేస్తుంది, ఆ వ్యవధిలో సరైన కదలిక నేర్పాలి.

సరైన పద్ధతి: అద్దం ముందు, రోజుకు రెండు మూడుసార్లు, పదేసి నిమిషాలు. చిన్న నవ్వు, చాలా చిన్నది, రెండు పక్కలా సమానంగా వచ్చినంత వరకే. కన్ను ముడుచుకోవడం మొదలవగానే ఆగిపోవాలి. అద్దం ఎందుకంటే, చేతి కండరాల్లా ముఖ కండరాలు "ఇంత కదిలాం" అని మెదడుకి సరిగ్గా చెప్పలేవు, ఆ సమాచారం కంటితోనే అందాలి. ఈ దశకి వచ్చేసరికి ముఖానికి ప్రత్యేకంగా శిక్షణ ఉన్న థెరపిస్టుని వెతుక్కోండి. నెలకోసారి కలిసినా చాలు.

క్యాలెండర్

ముందే చెప్పాను, నేను ఎక్కువ బాధపడే విషయం ఇది. నరం అందని ముఖ కండరం ఎల్లకాలం ఎదురుచూడదు. ఏడాదిన్నర నుంచి రెండేళ్లు దాటితే ఆ కండరం ఎండిపోతుంది, ఆ తర్వాత నరం చేరినా పలకదు. ఒక కుటుంబం ఆపరేషన్ అయిన 26 నెలలకు నా దగ్గరికి వచ్చింది. ప్రతి చెకప్‌లోనూ "నరం తెగలేదు కదా, వస్తుంది, ఓపిక పట్టండి" అన్నారట. అది చెప్పినవాళ్లది చెడు ఉద్దేశం కాదు. కానీ ఎప్పటిదాకా ఓపిక పట్టాలో ఎవరూ చెప్పలేదు. ఏడాదికి వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో ఆమె సొంత కండరాలకే ప్రాణం పోసేవాళ్లు. చివరికి తొడ కండరం ముక్క తెచ్చి బుగ్గలో అమర్చే పెద్ద ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది.

మీరు ఈ తేదీలు రాసి గోడకి పెట్టుకోండి. 3 నెలలకు: సర్జన్‌ని కలవడం, బిగువు ఏమైనా వచ్చిందేమో చూపించడం. 6 నెలలకు: ఇంకా ఏమీ లేకపోతే సూదితో చేసే ఇ.ఎం.జి. పరీక్ష అడగండి. కంటికి కనిపించే ముందే పోగులు కండరానికి చేరుతున్న గుర్తులు అందులో తెలుస్తాయి. గుర్తులుంటే నిశ్చింతగా ఎదురుచూడవచ్చు. 6 నుంచి 9 నెలల మధ్య కంటికీ, ఇ.ఎం.జి.లోనూ ఏమీ లేకపోతే ముఖ కదలిక తిరిగి తెప్పించే ఆపరేషన్లు చేసే సర్జన్‌ని కలవాలి. 12 నెలలకల్లా ఒక నిర్ణయం ఉండాలి.

ఆ ఆపరేషన్లలో ఎక్కువగా చేసేది దవడ కండరం నరాన్ని ముఖ నరానికి కలపడం. కొన్ని నెలల్లో కదలిక మొదలవుతుంది. మొదట్లో పళ్లు బిగిస్తేనే నవ్వు వస్తుంది, తర్వాత ప్రాక్టీసుతో చాలామందికి బిగించకుండానే వస్తుంది. నాలుక నరాన్ని కొంత భాగం వాడే పద్ధతి కూడా ఉంది, అది ముఖానికి మంచి బిగువునిస్తుంది. ఏది మంచిదన్నది పేషెంట్‌ని చూసి సర్జన్ చెప్పాలి.

నరం ఆపరేషన్‌లోనే తెగితే లెక్క వేరు. అక్కడికక్కడే కుట్టడమో, మెడ నుంచి గానీ కాలి నుంచి గానీ నరం ముక్క తెచ్చి అతకడమో చేస్తారు. అప్పుడు కదలిక రావడానికి ఇంకా ఎక్కువ టైము పడుతుంది, మహా బాగా వస్తే గ్రేడ్ 3.

బి12 మాత్రల గురించి కూడా అడిగారు. రక్తంలో లోటు ఉంటే తప్పకుండా వాడాలి, లేకపోతే దానివల్ల నరం వేగంగా పెరుగుతుందని నేను చెప్పలేను. షుగర్ ఉంటే మాత్రం అదుపులో పెట్టడం నిజంగా ముఖ్యం.

ఇంట్లో రోజూ పొద్దున్నే "అమ్మా, ఏమైనా కదిలిందా?" అని అడగకండి. ఆ ప్రశ్న ఆమెకి రోజూ ఒక పరీక్ష, రోజూ ఫెయిల్. దాని బదులు నెలకోసారి, అదే కిటికీ దగ్గర, అదే వెలుతుర్లో అర నిమిషం వీడియో తీయండి: ఊరికే ఉండటం, కనుబొమ్మలు ఎత్తడం, కళ్లు మెల్లగా మూయడం, చిన్న నవ్వు, పెదవులు ముందుకి చాపడం. రోజూ చూసేవాళ్లకి తెలియని మార్పు రెండు వీడియోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఆమె కుడివైపు కూర్చుని మాట్లాడండి, ఎడమ చెవి వినపడకపోవచ్చు. ముఖం వంకర పోయినప్పుడు మనుషులు నలుగురిలోకి రావడం మానేస్తారు. మీ అమ్మగారు తలుపు వేసుకుని గదిలోనే ఉంటుంటే, నిద్ర, తిండి తగ్గితే, అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన లక్షణమే.

ఈ వారం కంటి డాక్టర్, వచ్చే వారం ఆపరేషన్ నోట్. నల్లగుడ్డుకి స్పర్శ ఉందో లేదో, చివర్లో నరం ఎంత కరెంటుకి స్పందించిందో ఇక్కడే రాయండి. ఆ రెండూ తెలిస్తే మీ అమ్మగారికి ముందు ముందు ఏం చేయాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.